సముద్రపు నీటి ఆర్‌ఓ ప్లాంట్‌లో కరెంటు తగ్గించాలి: టర్బోచార్జరా, ప్రెషర్ ఎక్స్‌ఛేంజరా?

అందరికీ నమస్కారం. కాకినాడ వైపు తీరంలో ఒక ఫ్యాక్టరీలో సముద్రపు నీటి ఆర్‌ఓ ప్లాంట్ (నీటిని ఒత్తిడితో పొరల గుండా తోసి ఉప్పు తీసేది) చూసుకుంటున్నాను. రోజుకు 500 ఘనపు మీటర్ల మంచినీరు ఇస్తుంది. కానీ ఘనపు మీటరుకు 6 యూనిట్ల పైనే కరెంటు కాలుతోంది. పెద్ద కొత్త ప్లాంట్లు 3 యూనిట్ల దగ్గర నడుస్తుంటే, ఈ వృథా చూడలేకపోతున్నాను.

కారణం కళ్ల ముందే ఉంది. హైప్రెషర్ పంపు 60 బార్ ఒత్తిడితో తోసిన నీటిలో 40 శాతమే మంచినీరు అవుతుంది. మిగతా బ్రైన్ (చిక్కటి ఉప్పునీరు) దాదాపు 58 బార్‌తో బయటికొచ్చి, కంట్రోల్ వాల్వ్ దగ్గర కీచుమంటూ ఆ శక్తినంతా పోగొట్టేస్తోంది. వాల్వ్ సీటు కూడా తరచూ అరిగిపోతోంది.

ఆ ఒత్తిడిని తిరిగి వాడుకునే పరికరానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. బ్రైన్‌తో టర్బైన్ తిప్పి లోపలికెళ్లే నీటి ఒత్తిడి పెంచే టర్బోచార్జరైతే పైపుల మార్పు తక్కువ. బ్రైన్ ఒత్తిడిని నేరుగా సముద్రపు నీటికి అందించే ప్రెషర్ ఎక్స్‌ఛేంజర్ 95 శాతం దాకా శక్తిని వెనక్కిస్తుంది, కానీ బూస్టర్ పంపు అదనం. పైగా మిగతా నీటికి ఎక్స్‌ఛేంజరే ఒత్తిడి ఇస్తుంది, మెయిన్ పంపు మంచినీటి మేరకు తోస్తే చాలు కాబట్టి, ఇప్పుడున్నది మరీ పెద్దదవుతుంది. చక్రం తిరిగే వేగంతో ఒత్తిడి పుట్టించే సెంట్రిఫ్యూగల్ పంపు కదా, వీఎఫ్‌డీతో (మోటారు వేగం మార్చే పరికరం) స్పీడు తగ్గిస్తే ఒత్తిడీ పడిపోతుంది. నా అసలు టెన్షన్ అదే.

ఇంత చిన్న ప్లాంట్‌లో ఈ మార్పు చేసినవాళ్లు ఉన్నారా? పాత పంపు ఉంచారా, కొత్తది కొన్నారా? ఎక్స్‌ఛేంజర్‌లో బ్రైన్ కాస్త కలిసి ఫీడ్ (పొరల్లోకి వెళ్లే నీటి) ఉప్పదనం పెరిగాక, ఒత్తిడి ఎంత పెంచాల్సి వచ్చింది? మీ రీడింగులు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.