ఎండలు ముదురుతున్నాయి: పత్తికి బోరు వేయాలా, పత్తే మానాలా?

అంబత్తూరు వాసి:
మా పొలం ఆదోని పక్కన. నల్లరేగడి, పూర్తిగా వర్షాధారం. నేను చెన్నైలో ఉద్యోగం, సేద్యం తమ్ముడిది. జూన్ వానకు విత్తడం, వెంటనే బెట్ట పట్టి మొలక మాడిపోవడం, మళ్ళీ విత్తనాల ప్యాకెట్లు కొనడం మామూలైపోయింది. బోరు వేద్దామంటున్నాడు తమ్ముడు. ఎండ ముదిరే కొద్దీ పత్తి ఇంకా నీళ్ళు అడుగుతుంది, బోరు అప్పుకు అంతు ఉండదు, కంది, కొర్రలకు మారిపోదామంటాను నేను. కాదనేవారు చెప్పండి.

వేళచ్చేరి:
కిలో పత్తి బట్ట వెనుక 10 వేల లీటర్ల నీళ్ళు ఉన్నాయంటారు. 2019 వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలతో కాచుకున్న ఊరు మనది. ఇంకా ఆలోచన ఎందుకండీ? మానేయండి.

పెరంబూరు పత్తి:
వేళచ్చేరి గారూ, ఆ 10 వేలు ప్రపంచ సగటు. వాన నీరు కూడా అందులో కలిసే ఉంది. మన దేశంలో పత్తి సాగులో దాదాపు మూడింట రెండు వంతులు వర్షాధారమే. చేలో పడ్డ వాన పత్తి తాగకపోతే కంది తాగుతుంది, అదీ లేకపోతే కలుపు తాగుతుంది. మన కుళాయికి మాత్రం రాదు. ఆ మాటకొస్తే మన తెలుగుగంగ నీళ్ళు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి చెన్నైకి నీళ్ళిచ్చే పూండి జలాశయానికి చేరుతున్నాయి. 1983 ఒప్పందం ప్రకారం మన వాటా 12 టీఎంసీలు. దారి పొడవునా ఉన్నవి రైతుల పొలాలే. వాళ్ళకు పొదుపు పాఠాలు మనం చెప్పడం బాగుండదు.

ఇక అంబత్తూరు గారి వాదన సగమే నిజం. ఒక్క డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, అందుకే ఆకులోని నీటిని అంతగా లాగేస్తుంది. అయితే కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆకు రంధ్రాలు కొంత ముడుచుకుని నీరు మిగులుతుంది. వేడికి పంట త్వరగా కోతకు వస్తుంది కూడా. మొత్తం అవసరం కన్నా అదను తప్పడమే అసలు దెబ్బ. పూత మీద ఉన్నప్పుడు బెట్ట పట్టి ఎండ మండిందంటే గూడ (పూమొగ్గ), పిందె రాలి సాళ్ళ మధ్య పరుచుకుంటాయి. అది దాటితే అక్టోబరులో కుండపోత, పగిలిన కాయ నానిపోతుంది. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే అసలు కొనరు. నానిన పత్తిని ఏ బోరు ఆరబెడుతుంది?

కావలసింది పూత దశలో ఒకటి రెండు తడులు. అంగుళం తడి అంటే ఎకరానికి లక్ష లీటర్ల పైచిలుకు. మన వీధికొచ్చే 12 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిదిన్నర. పల్లపు మూలన కుంట తవ్వితే ఆ మాత్రం దొరుకుతుంది. రేగడి కాబట్టి ఇంకడం తక్కువ.

అంబత్తూరు వాసి:
కుంట మేర చేను పోతుంది. వానే లేని ఏడు అందులో ఏముంటుంది, కప్పలు తప్ప? నిండినా ఆ ఎండకు సగం ఆవిరి కాదా?

క్రోంపేట:
మీ ఇద్దరూ నీళ్ళ దగ్గరే ఆగిపోయారు, విత్తనం సంగతి ఎత్తరేమండీ? 2002లో బీటీ (కాయతొలుచు పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తి) వచ్చాక మనవాళ్ళు వేసేవి దాదాపు అన్నీ సంకరాలే (హైబ్రిడ్లే). అవి తొందరగా చేను వదలవు. తక్కువ కాలపు రకం దగ్గర దగ్గర సాళ్ళలో వేసి, ఏరివేత త్వరగా ముగిస్తే చివరి బెట్టా తప్పుతుంది, గులాబీ రంగు పురుగు ఉద్ధృతీ తగ్గుతుంది.

వేళచ్చేరి:
ఆ రకాల విత్తనం ఊరి దుకాణంలో దొరకాలి కదా.

పెరంబూరు పత్తి:
క్రోంపేట గారి మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. దొరకడమే కష్టం.

అంబత్తూరు గారూ, వానే లేని ఏడు కుంట నిండదు, నిజం. ఆవిరీ నిజమే. ఆ ఏడు పక్కవాళ్ళంతా తోడుతుంటే మీ బోరు మాత్రం పోస్తుందా? పైగా మీరు చెప్పిన కష్టం రెండు వానల మధ్య వచ్చే బెట్టది. మొదటి వాన కుంటలో ఉంటే ఆ గడువు దాటవచ్చు. పత్తి మొత్తం పీకెయ్యక్కర్లేదు, మధ్యలో కంది సాళ్ళు వేయండి. ఆదిలాబాద్ వైపు ఎప్పటి నుంచో వేస్తున్నారు. పత్తి పోయిన ఏడు కంది కాస్తుంది.

అంబత్తూరు వాసి:
తమ్ముడికి చదివి వినిపించాను. కంది సాళ్ళకు సరేనన్నాడు. కుంటకు తన చేను ఇవ్వడట, గట్టు అవతల నా వాటాలో తవ్వుకోమంటున్నాడు.