కోటిపల్లి లైను: రైలు బస్సు మళ్లీ నడపాలా, నరసాపురం దాకా పూర్తయ్యేవరకు ఆగాలా?

ద్రాక్షారామం వాసి:
కరోనాతో ఆగిన కాకినాడ–కోటిపల్లి రైలు బస్సును ముందు పట్టాలెక్కించాలని నా వాదన. ఈ 45 కిలోమీటర్ల లైను కథ తెలిసినవాళ్లెవరూ పట్టాలు ఖాళీగా పడుంటే నిశ్చింతగా ఉండలేరు. 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, 1940లో పట్టాలు పీకి పట్టుకుపోయారు. యుద్ధం ఐదేళ్లలో ముగిసింది కానీ లైను తిరిగి రావడానికి 2004 దాకా పట్టింది. అదీ లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న జీఎంసీ బాలయోగి గారు పట్టుబట్టి కదిలించబట్టే. రైలు వచ్చేనాటికి ఆయన లేరు. 64 ఏళ్లండీ! మధ్యలో ఒక తరానికి తరం రైలు కూత వినకుండానే వెళ్లిపోయింది.

అమలాపురం నుంచి:
మీ బాధ అర్థమైంది గానీ రైలు బస్సుతో ఒరిగేదేంటండి? ఉన్నది ఒక్క బోగీ. గేటు వచ్చిన చోటల్లా ఆగాలి, సిబ్బంది దిగి గేటు వేయాలి, బండి దాటాక తీసి మళ్లీ ఎక్కాలి. ఈలోపు ఆర్టీసీ బస్సు రామచంద్రపురం చేరిపోతుంది. ఖాళీగా తిప్పితే ‘ఈ లైనుకు జనం లేరు’ అని రాసేసుకుంటారు. అసలు పోరాటం కోటిపల్లి–నరసాపురం కోసం జరగాలి. 57 కిలోమీటర్లు, 2000–01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటి మీదా వంతెనలు కట్టాలి. రైలెక్కాలంటే మేం ఇప్పటికీ రాజమండ్రో కాకినాడో పోవాల్సిందే.

జగన్నాథపురం కుర్రాడు:
అమలాపురం వారి మాటే నాదీ. నరసాపురం కలిస్తే సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం, అంటే పంచారామాల్లో నాలుగు ఒకే రైలు దారిలోకి వస్తాయి. అప్పుడు జనం లేరనే మాటే ఉండదు.

ద్రాక్షారామం వాసి:
నరసాపురం లైను వద్దని నేననలేదండీ. అది రావాల్సిందే. కానీ మూడు నదుల మీద వంతెనలు అయ్యేదాకా ఉన్న లైనును పడుకోబెట్టమంటే ఒప్పుకోను. ఆగిన లైనులో గడ్డి పెరుగుతుంది, స్టేషన్లు పాడవుతాయి, ఆపైన బాగుచేయడానికి ఖర్చెక్కువంటారు. జనం రాకపోవడానికి కారణం ఊరివాళ్లకు పనికొచ్చే వేళలు లేకపోవడం. పొద్దున్నే కాకినాడ కాలేజీలకూ ఆసుపత్రులకూ వెళ్లేవాళ్లను ఎక్కించుకుని సాయంత్రం దింపేలా నడిపి చూడమనండి. శివరాత్రికి, కార్తీకంలో కోటిపల్లి రేవు దగ్గర ఇసకేస్తే రాలదు. ఆ రోజుల్లో రైలు లేకపోవడం అన్యాయం కాదా?

ఇంకో మాట. గోదావరి అవతలి ముక్తేశ్వరం నుంచి పంటు (నది దాటించే పెద్ద పడవ) మీద వచ్చేవాళ్లకు రేవు నుంచి కాకినాడకు రైలుంటే, అది కోనసీమకు కూడా సగం దారి చూపినట్టే. నడిచే రైలును ముందుకు పొడిగించమని అడగడం తేలిక.

అమలాపురం నుంచి:
వేళలు మారిస్తే చూడొచ్చు. కానీ రైలు బస్సు కాదు, నాలుగు పెట్టెల ప్యాసింజరైనా అడగండి. దానికైతే నేనూ వస్తాను.

ద్రాక్షారామం వాసి:
అలాగే రాస్తాను. కార్తీక సోమవారాలకు ప్రత్యేక రైలు, రోజూ ఉదయం, సాయంత్రం ప్యాసింజరు, నరసాపురం పనుల వేగం. విజయవాడ డివిజన్‌కు పంపే అర్జీలో ఈ మూడూ ఉంటాయి. సంతకం చేసేవాళ్లు మీ ఊరి పేరు కింద రాయండి.