అద్దె ఇంట్లో మాడ్యులర్ వార్డ్‌రోబ్: ఊగకూడదు, అరలు మార్చుకునేలా ఉండాలి. ఎలా?

మణికొండ అమ్మ:
అందరికీ నమస్తే. మణికొండలో అద్దెకుంటున్నాం. బెడ్‌రూంలో సజ్జ కింద కబోర్డు చేయించకుండా ఖాళీగా వదిలేశారు. గోడ వెడల్పు ఆరున్నర అడుగులు, నేల నుంచి సజ్జ దాకా ఏడడుగులు. అక్కడ ఐకియా వాళ్ల పాక్స్ (విడి ఫ్రేములుగా కొని బిగించుకునే వార్డ్‌రోబ్) లాంటిది పెడదామనుకుంటున్నాం, ఇల్లు మారితే విప్పి తీసుకెళ్లొచ్చని. మా బాబుకి మూడేళ్లు, ఏ సొరుగు తెరిచి ఉన్నా మెట్టులా ఎక్కేస్తాడు. ఓనర్ గోడకి మేకు కూడా కొట్టొద్దన్నారు. డ్రిల్ చేయకుండా గట్టిగా నిలబడే దారి ఉందా? పైగా ఇప్పుడు అత్తయ్యగారి పట్టుచీరలు, బాబు బట్టలు అన్నీ అందులోనే సర్దాలి. రేపు వాడు పెద్దయ్యాక అరలు మార్చుకునే వీలుండాలి. అదే నా టెన్షన్.

నిజాంపేట్ నివాసి:
ఓనర్‌తో ఇంకోసారి మాట్లాడండి అక్కా. పిల్లాడి సంగతి చెప్పి, ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టి రంగు వేయించి ఇస్తామని వాట్సాప్‌లో రాసివ్వండి. మా ఓనర్ అలా అడిగితేనే ఒప్పుకున్నారు.

చెక్కపని అన్న:
బాలానగర్‌లో మాడ్యులర్ పనుల వర్క్‌షాప్ చూసుకుంటాను. ముందే తేల్చి చెప్తున్నానండి: ఎక్కే వయసు పిల్లాడున్న ఇంట్లో గోడకి కట్టని నిలువెత్తు బీరువా పెట్టకండి. డబుల్ టేపు, కింద రబ్బరు ముక్కలు, ఇవేవీ దాన్ని ఆపవు. రెండు మూడు సొరుగులు ఒకేసారి బయటికొచ్చి, వాటి మీద పిల్లాడి బరువు పడితే మొత్తం ముందుకొస్తుంది. ఓనర్ ఎంతకీ ఒప్పుకోకపోతే నడుమెత్తు సొరుగుల పెట్టె కూడా పెట్టకండి, అదీ పడుతుంది. అప్పుడు సొరుగుల్లేని పొట్టి అరలతో సరిపెట్టుకోండి.

ఇక కొలతలు. పాక్స్ ఫ్రేములు 50, 75, 100 సెంటీమీటర్ల వెడల్పుల్లో, 35, 58 లోతుల్లో, 201, 236 ఎత్తుల్లో వస్తాయి. మీ సజ్జ 213 సెంటీమీటర్ల దగ్గరుంది కాబట్టి 236 కుదరదు. 201ది పడుకోబెట్టి బిగించి లేపేటప్పుడు మూల నుంచి మూలకు 209 పైనే అవుతుంది. 58 లోతు లెక్క అది. నాలుగు సెంటీమీటర్లే మిగులుతాయి, కాబట్టి సజ్జ అడుగున ప్లాస్టరింగ్ ఉబ్బెత్తుగా ఉందేమో ఆ గోడ పొడవునా టేపు పట్టి చూడండి. వీలైతే సజ్జ బయట లేపి లోపలికి జరపండి.

వెడల్పు 198 వస్తుంది. 100వి రెండు పట్టవు. 100, 75 కలిపి తీసుకోవాలనిపిస్తుంది గానీ నా మాటగా 50, 50, 75 తీసుకోండి. మొత్తం అదే 175. పట్టుచీరల దొంతర ఎంత బరువుంటుందో మీకు తెలుసు. అంతే బరువు, అంతే మందం చెక్క మీద పెట్టినా, అర పొడవు రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లవుతుంది. అందుకే చీరలు 50ల్లో, అదీ కింది అరల్లో పెట్టండి. 75లో హ్యాంగర్ రాడ్డు. పక్కన మిగిలిన జాగా వదిలేయండి, గోడ పక్కన తలుపు పూర్తిగా తెరుచుకోవాలంటే కాస్త ఖాళీ కావాలి, ఇస్త్రీ బల్ల కూడా పడుతుంది.

అరలు మార్చుకోవడం కష్టం కాదు. లోపల వరుసగా ఉండే 5 మిల్లీమీటర్ల రంధ్రాలు అందుకే, ఒక్కోదానికి మధ్య 32 మిల్లీమీటర్లు. పిన్ను తీసి పైకో కిందికో గుచ్చడమే. రాడ్డుని ఇప్పుడు బాబు ఎత్తులో పెట్టి, తర్వాత పైకి జరుపుకోండి. లోకల్‌గా చేయించుకున్నా ఈ రంధ్రాల వరుస కొట్టించమని ముందే అడగండి, అరని స్క్రూలతో బిగించేస్తే మళ్లీ కదలదు. పాక్స్ లాంటివాటిలో వాడే పార్టికల్ బోర్డు (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక) మాత్రం విప్పి బిగించిన ప్రతిసారీ స్క్రూ పట్టు కొంచెం కోల్పోతుంది. తరచూ ఇళ్లు మారేవాళ్లు 18 మిల్లీమీటర్ల ప్లైలో చేయించుకోవడమే మేలు.

బిగించేటప్పుడు రెండు చూడండి. వెనకాల పలచటి షీటుకి ఇచ్చిన మేకులన్నీ కొట్టించండి. పెట్టె పక్కకు ఊగకుండా పట్టి ఉంచేది ఆ షీటే. మేకులు కొట్టే ముందు మూల నుంచి మూలకు టేపు పెడితే రెండు కొలతలూ ఒకటే రావాలి. తర్వాత స్కర్టింగ్. మన ఫ్లాట్లలో టైల్ స్కర్టింగ్ గోడ కంటే సెంటీమీటరు దాకా ముందుకుంటుంది. పెట్టె అడుగు దానికి ఆనుతుంది, పైన సందు మిగులుతుంది. ఆ సందు మూయాలని, పెట్టెని గోడకి కట్టే బ్రాకెట్ గట్టిగా లాగితే పెట్టె వెనక్కి వాలుతుంది, తలుపులు కిందా మీదా అవుతాయి. స్క్రూ పడే చోట సందుకి సరిపడా ప్లై ముక్క పెట్టి, రసమట్టం చూసుకుంటూ బిగించండి. మూడు ఫ్రేములనీ పక్కపక్కన బోల్టులతో కలిపి, ఒక్కోదాన్నీ విడిగా గోడకి పట్టించండి.

మణికొండ అమ్మ:
చాలా థాంక్స్ అన్నా. ఓనర్ ఒప్పుకున్నారు, వీలైనన్ని తక్కువ రంధ్రాలు పెట్టమన్నారు. కర్టెన్ రాడ్ కోసం పాత వాళ్లు వేసిన రంధ్రం గీకి చూస్తే తెల్లటి మెత్తటి పొడి వచ్చింది. ఎర్ర ఇటుక కాదనుకుంటా.

చెక్కపని అన్న:
అయితే అది ఏఏసీ బ్లాక్ (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుక) అయ్యుండొచ్చు. డ్రిల్ చేసే అతనికి హ్యామర్ మోడ్ ఆపేసి తిప్పమనండి, లేకపోతే రంధ్రం పెద్దదైపోతుంది. మామూలు గిట్టీలు (స్క్రూ కోసం రంధ్రంలో దించే ప్లగ్గులు) అందులో నిలవవు. ఏఏసీ కోసమని అడిగి పొడవాటి నైలాన్ ప్లగ్గులు తెచ్చుకోండి, రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో వెతకండి. రంధ్రంలో పొడి ఊదేశాక ప్లగ్గు దించాలి. ఒక్కో ఫ్రేముకి పైన రెండు మూలలా రెండు, మొత్తం ఆరు రంధ్రాలు. బిగించాక పై అంచు పట్టుకుని మీరే ముందుకి గట్టిగా లాగి చూడండి. ఏ మాత్రం కదిలినా ఆ ప్లగ్గు తీయించి, వేరే చోట మళ్లీ వేయించండి. అప్పటిదాకా సొరుగులు పెట్టకండి, బాబుని ఆ గదిలోకి రానివ్వకండి.