నాన్నగారి కాలం మేస్త్రికి చూపు తగ్గింది, ఎలా చెప్పాలి?

భీమవరం వైండింగ్:
మాది భీమవరం దగ్గర మోటార్ వైండింగ్ షాపు. నాన్నగారు పెట్టారు, ఇప్పుడు నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. ఎక్కువగా రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్ల మోటార్లే వస్తాయి. మొదటి నుంచీ ఉన్న మేస్త్రిగారే నాకు కాయిల్ చుట్టడం నేర్పారు, బాబాయ్ అని పిలుస్తాను. ఈమధ్య ఆయన చుట్టిన మోటార్లు తిరిగొస్తున్నాయి. తీగ మీద ఎనామిల్ పూత గీసుకుపోయినా, తీగకూ ఇనుముకూ మధ్య పెట్టే స్లాట్ పేపరు పక్కకు జరిగినా ఆయనకు కనపడటం లేదు.

తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ ఎలాగూ బాగా పడిపోతుంది. అప్పుడు ఏరియేటర్లు ఆగితే కొన్ని గంటల్లో రైతు పంట పోతుంది. అందుకే తమ్ముడు ఆయన్ని పంపేద్దాం అంటున్నాడు. నాన్నగారేమో కస్టమర్ల ముందే కేకలేస్తున్నారు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే క్యారేజీలో తిన్నవాళ్లు! ఆ కేకలు విని కుర్రాళ్లు తమ తప్పులు దాచేస్తున్నారు, నాకు అదే ఎక్కువ భయం. బాబాయ్ పరువు పోకుండా, రైతుకు నష్టం రాకుండా ఎలా సర్దాలి?

తణుకు పంపుసెట్లు:
మాదీ ఇదే పనండి, మూడో తరం. ముందు నాన్నగారితో మాట్లాడండి. ‘ఆయన మీద అరవకండి’ అంటే వినరు. ‘మీరు అరుస్తుంటే కుర్రాళ్లు తప్పులు దాస్తున్నారు, మనకు తెలిసేసరికి మోటారు చెరువు మీద ఉంటోంది’ అనండి. అది ఆయనకు ఎక్కుతుంది.

మేస్త్రిగారి ముందు తప్పుల చిట్టా విప్పొద్దు, కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. శుక్లమే అయితే ఆపరేషన్ తర్వాత మళ్లీ తీగ పట్టొచ్చు. ఈలోపు చుట్టడం కుర్రాళ్లకిచ్చి, పరీక్ష ఆయనకివ్వండి. వార్నిష్ పోయకముందు ఒకసారి, ఆరాక ఒకసారి, కరెంటు లీకవుతుందేమో చూసే మెగ్గర్ మీటరు ఆయనే పెట్టాలి. ఆయన సరే అననిదే మోటారు గుమ్మం దాటకూడదు. మోటారు తిప్పి బేరింగ్ శబ్దం పోల్చే చెవి కుర్రాళ్లకు ఇంకా రాలేదు కదా. జీతం మాత్రం రూపాయి కూడా తగ్గించొద్దు. తగ్గిస్తే ఆ పనిని శిక్షే అనుకుంటారు, అందులో ఆయన తప్పేం లేదు.

పాలకొల్లు పనివాడు:
చూపు తగ్గిందని మాకు ముందే తెలుస్తుందండి. చెబితే పని పోతుందని చెప్పం. అందుకని ‘పని ఎక్కడికీ పోదు’ అన్న మాట ముందు రావాలి, కళ్ల సంగతి తర్వాత. ఇంకోటి, కుర్రాళ్లను అర్ధరాత్రి చెరువు గట్టుకు పంపి పొద్దున్నే మళ్లీ బెంచీ ఎక్కిస్తే ఎవరి కాయిలైనా తప్పుతుంది. తడి గట్టు మీద త్రీఫేజు కరెంటుతో పని. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు. 70 ఏళ్ల వరకూ ఉంటుంది. అది చాలదు, కానీ ముందు అదైనా కట్టించండి.

ఉండి చెరువు రైతు:
వైండింగ్ పోయిందని మాకు తెలియడం కంటే ముందే మీరు ఒప్పుకుని, తాత్కాలికంగా ఇంకో మోటారు ఇచ్చి పంపండి. సగం కోపం అక్కడే పోతుంది.

భీమవరం వైండింగ్:
నాన్నగారితో మాట్లాడాను. కుర్రాళ్లు దాస్తున్నారన్న మాట దగ్గర ఆగిపోయారు. బాబాయ్‌ని ఆస్పత్రికి తనే తీసుకెళ్తానన్నారు. తమ్ముడు జీతం సంగతి ఇంకా ఒప్పుకోలేదు, వాడితో మళ్లీ కూర్చోవాలి. బాబాయ్ కోసం అంకెలు పెద్దగా కనపడే డిజిటల్ మెగ్గర్ కొందామనుకుంటున్నాను. 500 వోల్టులది చాలా?

తణుకు పంపుసెట్లు:
415 వోల్టుల మోటార్లకు చాలు. 1 మెగోమ్ కంటే తక్కువ చూపిస్తే అస్సలు బయటకు పంపొద్దు, కొత్తగా చుట్టినదానికి అంతకంటే చాలా ఎక్కువ రావాలి.