డిప్లొమా తర్వాత ఉద్యోగం చేస్తూ సాయంత్రం బీటెక్: షిఫ్టులతో హాజరు ఎలా?

మెకానికల్ డిప్లొమా ఉంది, హైదరాబాద్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం. మానేసి ఈసెట్ (డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష) రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరితే మూడేళ్లు జీతం పోతుంది, అది కుదరదు. దూరవిద్యలో బీటెక్‌కు గుర్తింపు లేదు కాబట్టి ఆ మాటే వద్దు. మిగిలింది ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) అనుమతితో ఉద్యోగస్థులకు నడిపే సాయంత్రం బీటెక్. ఏడాది అనుభవం ఉంది, కంపెనీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కూడా ఇస్తానంటోంది.

చిక్కంతా హాజరు దగ్గరే. షిఫ్టులు వారానికోసారి మారతాయి. పొద్దున ఉండే ‘ఏ’ షిఫ్టు మధ్యాహ్నం 2కే అయిపోతుంది. సీ షిఫ్టు రాత్రి 10కి మొదలు, క్లాసు 9కి వదిలితే అందుకోవచ్చు. బీ షిఫ్టు 2 నుంచి 10 వరకు, ఆ వారం మొత్తం పోయినట్టే. మూడు వారాల్లో ఒకటి పోతే ఒక్క సెలవూ పెట్టకపోయినా హాజరు 67 శాతం దాటదు. కావాల్సింది 75. 65 దాటితే మినహాయింపు ఉంటుందంటారు గానీ, అది అనారోగ్యం లాంటి కారణాలకే కదా, ప్రతి సెమిస్టరుకూ దాన్ని నమ్ముకోలేం.

ఇలా చదివినవాళ్లు చెప్పండి: బీ షిఫ్టు మార్పిడికి హెచ్‌ఆర్‌ నుంచి రాతపూర్వకంగా ఏం తీసుకున్నారు? ల్యాబులు ఆదివారం పెడతారా? ఉద్యోగం ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా? ముఖ్యంగా, పట్టా వచ్చాక డిప్లొమా ట్రైనీ గ్రేడు నుంచి ఇంజనీరు గ్రేడుకు నిజంగా మార్చారా అండీ?