మగ్గం మీది చీర నేరుగా ఫోన్లో అమ్ముతున్నవాళ్లు ఉన్నారా?

పడుగుపేక:
మాది పోచంపల్లి దగ్గర ఊరు. నాన్న ఆసామి దగ్గర, అంటే నేత పని ఇచ్చే యజమాని దగ్గర, మజూరీకి నేస్తాడు. పట్టు, రంగులు, డిజైను అన్నీ ఆసామివే. ఈసారి సొంతంగా పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు) వేసి ఫోన్లో అమ్ముదామంటున్నాను. ఒక పడుగుకు ఏడు చీరలు దిగుతాయి. అమ్ముడుపోకపోతే పట్టు డబ్బంతా ఇరుక్కుపోతుందని నాన్నకు టెన్షన్. ఇన్‌స్టా మంచిదా, వాట్సాపా?

నిజాంఅంచు:
మాది మంగళగిరి, కాటన్ చీరలు. తమ్ముడూ, ఇన్‌స్టాలో చూస్తారు, వాట్సాప్‌లో కొంటారు. రీల్ కింద "ప్రైస్ ప్లీజ్" అని అడిగి మాయమయ్యేవాళ్లే ఎక్కువ. స్టేటస్ చూసి పాత కస్టమర్ "అక్కా, ఆ నెమలికంఠం రంగుది పక్కన పెట్టు" అందంటే అదీ బేరం. వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 నుంచి ఉచితంగానే ఉంది, కేటలాగ్‌లో ఫొటోతో పాటు ధర కూడా పెట్టెయ్. ధర దాచేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

కూకట్‌పల్లి_కలెక్షన్స్:
నేను రీసెల్లర్‌ని. 2016లో జియో డేటా, యూపీఐ రెండూ వచ్చాక ఇంట్లోంచే వ్యాపారం కుదిరింది. మధ్యవాళ్లు పోయారని అందరూ అంటారు కానీ పోలేదండీ, కొత్త మధ్యవాళ్లం మేమే. బ్లౌజ్ ఉందా, రంగు దిగుతుందా, ఇంకో ఫొటో పెట్టండి, మా అక్కకి చూపించి చెప్తా... రాత్రి పదకొండుకు కూడా జవాబివ్వాలి. పగలంతా మగ్గం తొక్కిన మనిషికి అంత ఓపిక ఉంటుందా? ఇంట్లో ఒకరు ఫోన్ పట్టుకుని కూర్చోగలిగితేనే దిగండి.

డాలస్_కోడలు:
కొనేవాళ్ల వైపు నుంచి చెప్తాను. వీడియో కాల్‌లో చీర తిరగేసి చూపించమంటాను. ప్రింటయితే వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది, ఇక్కత్ అయితే పోగులకే ముందు రంగులద్ది నేస్తారు కాబట్టి రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ట్యూబ్‌లైటు కింద ఫొటో తీయకండి బాబూ, మెరూన్ అనుకున్నది ఇక్కడికొచ్చాక వంకాయ రంగు అవుతోంది. మగ్గం మీద ఉండగానే చూపిస్తే అడ్వాన్స్ కూడా పంపుతాను.

చిటికికట్టు:
అందరూ ఒకటి మర్చిపోతున్నారు. ఆసు పోసి (పోగుల్ని చీలల చుట్టూ తిప్పి), చిటికీలు కట్టి (రంగు అంటకూడని చోట ముడులు వేసి), రంగులద్ది, నేసేసరికి వారాలు పడుతుంది. ఫొటో పెట్టగానే అదే డిజైను ప్రింట్ చీరగా మార్కెట్లోకి దిగుతోంది. జీఐ గుర్తింపు (ఒక ప్రాంతం సరుకుకి ఇచ్చే భౌగోళిక గుర్తింపు) పోచంపల్లి పేరుకి కాపలా, నీ ఒక్క డిజైనుకి కాదు. అందుకే మేం పూర్తి చీర గ్రూపులో పెట్టం, కొంగు మాత్రమే పెడతాం. మిగతాది అడిగినవాళ్లకే.

కూకట్‌పల్లి_కలెక్షన్స్:
పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి చీర పంపకు. బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకో. డబ్బు రావడానికి పిన్ కొట్టమన్నారంటే మోసమే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత ఆలస్యమైతే అంత కష్టం.

పడుగుపేక:
అందరికీ థ్యాంక్స్. ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. పడుగు ఒకటే అయినా పేక (అడ్డపోగు) రంగు మారిస్తే చీరకో ఛాయ వస్తుంది, అలా చేద్దామన్నాడు. రెండు మాత్రం ఆసామికే అమ్ముతాడట, అవసరానికి అప్పిచ్చేది ఆయనే కదా. డాలస్ అక్కా, కొరియర్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

డాలస్_కోడలు:
కొరియర్ ఎందుకు, మా అత్తగారు డిసెంబరులో వస్తున్నారు. హైదరాబాద్ అడ్రస్‌కి పంపు చాలు. ముందు పగటి వెలుతురులో ఫొటో పెట్టు!