ఉగాది సభ పత్రికల గోడ: ఛత్తా బజార్ నుంచి తాజా సంగతులు

ప్రింటింగ్, హైదరాబాద్:

అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్ సభలో హాలు ముందు పెట్టే పత్రికల గోడ నా నెత్తిన పడింది కాబట్టి, ఇక్కడ పని ఎంతవరకు వచ్చిందో చెబుతాను. కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక్క ముక్క: యుద్ధాల నాటి పాత శీర్షికలు, చరిత్ర ఇంకో సందులోకి తిరిగి ఉంటే ఎలా అచ్చయ్యేవో సరదాగా రాసి, పాత పేపరులా ప్రింట్ చేసి తగిలిస్తాం. జనం టిఫిన్ ప్లేట్లు పట్టుకుని చదువుకుంటారు.

నిన్న ఛత్తా బజార్ వెళ్ళాను. పెళ్ళికార్డుల గుట్టల మధ్య కూర్చున్న ప్రెస్ ఆయన నా కాగితం పైనుంచి కిందిదాకా చదివి, "సార్, ముహూర్తం వెయ్యలేదు" అన్నాడు. విషయం చెప్పాక బాగా నవ్వాడు. ఆయన నవ్విన చోట్ల టిక్కు పెట్టుకున్నాను, నవ్వని రెండు కొట్టేశాను.

మొదటిది ఎమ్డెన్. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఈ జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టింది. జనం మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలారు. తమిళంలో గడుసువాణ్ని 'ఎమ్డెన్' అనడం అప్పటి నుంచే. ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రికగా మొదలై అప్పటికి ఆర్నెల్లు కూడా నిండలేదు, ఆ రాత్రి ఆఫీసులో ఎంత టెన్షన్ పడ్డారో. మన శీర్షిక ఇదీ: "చెన్నపట్టణపు రేవున జర్మను నౌక! నూనె నిల్వలు గాంచి మిరపకాయ బజ్జీలకై కప్తానుగారి విచారణ." కింద చిన్న అక్షరాల్లో: "శనగపిండి నిండుకొన్నదని తెలిసి నిరాశతో నిష్క్రమణము."

భాష గ్రాంథికంలోనే ఉండాలి, ఇందులో బేరం లేదు. వాడుక భాషలో రాసి చూశాను, వాట్సాప్ జోకులా తేలిపోయింది. "కురిపించెను", "పలికిరి" అంటేనే నవ్వొస్తుంది.

రెండోది మీ ఊరి కథే. 1932 నవంబర్‌లో పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమ పొలాల మీద పడిన ఈమూల మీదికి సైన్యం వెళ్ళింది. రెండు లూయిస్ మెషిన్ గన్లు, 10,000 తూటాలు. ఈమూలు చెదిరిపోయి పరిగెత్తాయి, సైన్యం వెనక్కి వచ్చేసింది. మన దగ్గర కూడా ఈమూ ఫారాలు పెట్టి చేతులు కాల్చుకున్న రైతులున్నారు కాబట్టి ఆ పక్షి రెండు దేశాల్లోనూ ఓడలేదని నా లెక్క. శీర్షిక: "ఈమూలతో సంధి! గోధుమలలో సగము, మేజరుగారి టోపీ సాంతము."

తూర్పు ఆఫ్రికా దీవి జాంజిబార్ ఎలాగూ ఉంటుంది. 1896 ఆగస్టు 27న బ్రిటిష్ వాళ్ళతో జరిగిన ఆ యుద్ధం దాదాపు 38 నిమిషాల్లో అయిపోయింది. మన సభల్లో జ్యోతి ప్రజ్వలనకే అంతకన్నా ఎక్కువ పడుతుంది. "యుద్ధము వాయిదా! ముఖ్య అతిథి దారిలో నున్నారని వినికిడి." ఇది కార్యదర్శి అన్న మీద విసురు అనుకోకండి. అనుకున్నా పర్లేదు.

నాకు బాగా నచ్చింది మాత్రం నిజాం నౌక. రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా నౌకాదళంలో 'నిజాం' అనే డెస్ట్రాయర్ ఉండేది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ డబ్బిస్తే కట్టారు, అందుకే ఆ పేరు. అక్కడ పుట్టిన పిల్లలకు హైదరాబాద్‌తో చుట్టరికం చూపించాలంటే ఇంతకన్నా మంచిది దొరకదు. "నిజాం నౌకలో ఇరానీ చాయ్! ఉస్మానియా బిస్కత్తు ముంచి తిననిదే ఫిరంగి ముట్టమని నావికుల పట్టు."

వేదిక అలంకరణ, మెల్‌బోర్న్:

తమ్ముడూ, అన్నీ బాగున్నాయి గానీ నా కాకినాడ ఏమైంది? "కాజాలకై దిగిన జపాను విమానములు" అని రాస్తే అందరూ భలే ఉందన్నారు కదా!

పెద్దల కార్యక్రమాలు, మెల్‌బోర్న్:

తీసెయ్యమన్నది నేనేనమ్మా. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద నిజంగానే బాంబులు పడ్డాయి. మనుషులు పోయారు. మా నాన్నమ్మ వాళ్ళు పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి ఎడ్లబండిలో విజయనగరం వైపు వెళ్ళిపోయారట. ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ ఆ అన్నం గురించే చెప్పేది, బాంబుల మాట ఎత్తేది కాదు. నువ్వు రాసింది బాగుంది. దాని ముందు నిలబడి నేను మాత్రం నవ్వలేను.

భోజనాలు, మెల్‌బోర్న్:

మరి ఎమ్డెన్ దాడిలో కూడా చనిపోయారు కదా అన్నా? అది ఎలా ఉంచుతున్నాం?

ప్రింటింగ్, హైదరాబాద్:

మంచి ప్రశ్నే. తర్కం ప్రకారం రెండూ ఒకటే, నా దగ్గర జవాబు లేదు. కానీ ఒకదాని ముందు నిలబడి బాధపడే మనిషి మన హాల్లోనే ఉంది. నాకు అది చాలు. పెద్దమ్మా, మీ అన్నం కథ పెద్దల కార్యక్రమంలో మీరే చెప్పండి, గోడ మీద వద్దు.

ఈ లెక్కనే ఇంకో రెండు పక్కన పెట్టాను. 1948 హైదరాబాద్ జోలికి వెళ్ళొద్దు. పోలీసు చర్య సెప్టెంబర్‌లో అయితే, అంతకు ముందు నెలలోనే ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రాసిన రాతలకు చంపేశారు. పత్రికల మీద జోకులు వేసే గోడకు అది తగదు. ఆ తర్వాత జరిగిన వాటిలో దెబ్బతిన్న కుటుంబాలు ఇటూ ఉన్నాయి, అటూ ఉన్నాయి. రెండోది గల్లీపోలి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు ఎంతోమంది చనిపోయిన టర్కీ తీరం. వాళ్ళు అక్కడ దిగిన ఏప్రిల్ 25 దగ్గరలోనే ఉంటుంది, అక్కడివాళ్ళకు అది ఎలాంటి రోజో నాకన్నా మీకే తెలుసు. ఆ సైన్యం పేరైన ఆన్‌జాక్ అన్న మాట వాడకానికి 1921 నుంచీ ప్రత్యేక నిబంధనలే ఉన్నాయి. గల్లీపోలిలో మన భారత సైనికులూ పోరాడారు.

ఇంకొకటి. ప్రతి పోస్టర్ అడుగున "నిజం:" అని ఒక పట్టీ ఉంటుంది, అసలు జరిగింది రెండు వాక్యాల్లో. చనిపోయినవాళ్ళ సంగతి కూడా అందులోనే. ఇది వద్దు, జోకు చల్లారిపోతుంది అని గ్రూపులో ముగ్గురు అన్నారు. ఒక్కసారి మీ ఫోన్లు తీసి చూడండి. 1965లో నిజాం దేశానికి 5,000 కిలోల బంగారం దానం చేశాడని ఫార్వర్డ్ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆయన పెట్టింది 425 కిలోలు, అదీ రక్షణ బంగారు బాండ్లలో, 6.5 శాతం వడ్డీకి. మన పోస్టర్‌ను ఎవరో ఫొటో తీసి పంపిస్తే, పదేళ్ళ తర్వాత ఇరానీ చాయ్ తాగిన నావికుల మీద ఎవరో వ్యాసం రాస్తారు. పట్టీ ఉండాల్సిందే. పత్రిక పేరు ఉండే చోట ఖాళీ వదిలాను, అసలు పత్రికల పేర్లు వద్దు. ఆ పేరు పిల్లలు పెడతారు, బాగున్నదానికి బహుమతి.

ఇక సామాను. సైజు 24×36 అంగుళాలు, గుడ్డ మీద ప్రింట్. ఫ్లెక్స్ అయితే గొట్టంలా చుట్టాలి, గుడ్డ మడత పెడితే చీరల మధ్య ఇమిడిపోతుంది. వెదురు కర్రలు ఇక్కడి నుంచి పంపను, అక్కడి ఎయిర్‌పోర్టులో చెట్టూచేమకు సంబంధించినవన్నీ చూపించుకోవాలి, ప్యాకెట్ తీసుకొచ్చే పెద్దవాళ్ళకు ఆ తిప్పలు వద్దు. పోయినసారి యూనికోడ్‌లో పంపిన ఫైలు ఇంకో చోట తెరిస్తే వత్తులన్నీ విడిపోయి "శుభాకాంక్షలు" ఎవరికీ అర్థం కాకుండా పోయింది. అందుకని ఈసారి అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పనిలేని బొమ్మల్లోకి, మార్చే ఇస్తున్నాను.

కార్యదర్శి, మెల్‌బోర్న్:

జాంజిబార్ చూశాను. ఉంచండి. మా అత్తగారు, మామగారు వచ్చే వారం బయల్దేరుతున్నారు, ప్యాకెట్ కూకట్‌పల్లిలో వాళ్ళింట్లో ఇచ్చెయ్యండి. పచ్చళ్ళ పక్కన పెట్టొద్దని నా మనవి.

ప్రింటింగ్, హైదరాబాద్:

ఇప్పుడే ప్రూఫ్ వచ్చింది. ప్రెస్ ఆయన అన్ని పోస్టర్ల అడుగునా "నిజం:" బదులు "నిజాం:" అని కొట్టాడు. ఒక్క దీర్ఘం. రేపు వెళ్ళి దిద్దిస్తాను. నౌక పోస్టర్ మీద మాత్రం అలాగే ఉంచమంటారా?

పెద్దల కార్యక్రమాలు, మెల్‌బోర్న్:

ఉంచు నాయనా.